ప్రవాహం పెరిగితే పడవ ఏరు దాటే సమయం మారుతుందా?

పడవ ముక్కును నేరుగా అవతలి ఒడ్డుకేసి పెట్టి నడిపితే మారదు. ప్రవాహం లాగేది ఒడ్డు వెంబడే. అడ్డంగా తీసుకెళ్లేది ఇంజనే.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి పాయ వశిష్ఠను దాటే పంటునే (రేవు దాటించే పెద్ద పడవ) చూడండి. లెక్క కోసం నది వెడల్పు 800 మీటర్లు, నిలకడ నీటిలో పంటు వేగం సెకనుకు 4 మీటర్లు, ప్రవాహం 3 అనుకుందాం. దాటడానికి 800/4 = 200 సెకన్లు. ఈలోగా 600 మీటర్లు దిగువకు జరిగిపోతుంది, అంతే.

ఈఏపీసెట్‌కి చదివేవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రెండు వేగాల ఫలిత వేగం 5 కదా అని 800ని 5తో భాగించి 160 అంటారు (ఆప్షన్లలో అదీ ఉంటుంది మరి!). కానీ ఆ 5తో పంటు వెళ్లేది 1000 మీటర్ల ఏటవాలు దారిలో. 1000/5 చేసినా వచ్చేది 200 సెకన్లే. సరిగ్గా ఎదుటి రేవులోనే దిగాలంటే మాత్రం ముక్కు ఎగువకు తిప్పాలి; అప్పుడు అడ్డంగా మిగిలే వేగం √(4² − 3²), అంటే సుమారు 2.65 మాత్రమే కాబట్టి సుమారు 302 సెకన్లు పడుతుంది.