బాత్ ఊరికి అమ్మానాన్నల్ని తీసుకెళ్లేటప్పుడు

చి. మానసకి,

పెదనాన్న ఆశీస్సులు. అమ్మానాన్నలు లండన్ వస్తున్నారనీ, ఒక రోజు రోమన్ల నాటి వేడినీళ్ల ఊరు బాత్ చూపిద్దామనుకుంటున్నాననీ రాశావు. మంచి ఆలోచన. కాకపోతే నువ్వు పంపిన ప్లానులో విండ్సర్, స్టోన్‌హెంజ్, బాత్ మూడూ ఒకే రోజు బస్సు టూరులో ఉన్నాయి. ఆ టూరు మానెయ్. అందులో బాత్‌కి మిగిలేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. రోమన్ల స్నానశాల గబగబా తిరిగి, చర్చి ముందు ఫొటో దిగి బస్సెక్కెయ్యాలి. ఊళ్లో సగం అందం పైన గుట్ట మీద ఉంది, అది కంటపడకుండానే తిరిగొచ్చేస్తారు. బాత్‌కి రోజంతా ఇవ్వు. పొద్దున్నే కింద నీళ్ల దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్నం టాక్సీలో పైకెళ్లి, నడుచుకుంటూ కిందికి దిగండి. మీ అమ్మ మోకాళ్లని దృష్టిలో పెట్టుకునే ఈ వరస చెప్తున్నాను. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. స్టేషన్ నుంచి ఎదురెక్కుతూ పోయి, ఆ అర్ధచంద్రాకారపు మేడల దగ్గరికి చేరేసరికి కూలబడతారు.

ముందు రైలు సంగతి. లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి గంటకి దాదాపు రెండు డైరెక్టు రైళ్లుంటాయి. ప్రయాణం గంటన్నర లోపే. స్టేషన్ పేరు బాత్ స్పా. బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ వెళ్లే రైలెక్కాలి. బోర్డు మీద బ్రిస్టల్ అన్న మాట కనపడగానే ఎక్కేస్తారు చాలామంది. బ్రిస్టల్ పార్క్‌వే మీదుగా కార్డిఫ్, స్వాన్సీ పోయే రైళ్లు కూడా అక్కడినుంచే బయల్దేరతాయి. అవి స్విండన్ దాటాక వేరే దారి పడతాయి, బాత్ ముఖం చూడవు. పొరపాటున ఎక్కితే స్విండన్‌లో దిగి మారండి. సరైన రైలైతే చిప్పెన్‌హామ్ తర్వాత దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున్న బాక్స్ సొరంగం వస్తుంది. 1841లో తెరిచారు దాన్ని. అది దాటగానే కోట్లు తొడుక్కుని లేవమను, స్టేషన్ దగ్గరపడినట్టే.

టికెట్ల విషయంలో కాస్త లెక్క చూసుకో. ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అని ఆఫ్‌పీక్, అంటే రద్దీ లేని వేళల టికెట్టు మీద మూడో వంతు తగ్గిస్తారు. దానికి రైల్‌కార్డు అనే రాయితీ కార్డు అక్కర్లేదు. శని, ఆదివారాలైతే అది బాగా పనికొస్తుంది. మామూలు రోజుల్లో ఆఫ్‌పీక్ దాకా ఆగితే పొద్దెక్కిపోతుంది, కాబట్టి పొద్దుటి రైలుకి వారాల ముందే అడ్వాన్స్ టికెట్టు కొను. అది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే కొత్త టికెట్టు కొనాల్సిందే. నన్నడిగితే మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి. శనివారం స్నానశాల టికెట్టు ధర ఎక్కువ, జనమూ ఎక్కువ. పైగా ఆ రోజు ఊళ్లో రగ్బీ మ్యాచి ఉంటే వంతెన దగ్గర నడవడానికే చోటుండదు, సాయంత్రం రైళ్లు కిక్కిరిసిపోతాయి. నవంబరు చివర్లో మొదలై డిసెంబరు సగం దాకా నడిచే క్రిస్మస్ సంత రోజుల్లో అయితే అసలు వెళ్లొద్దు.

రోమన్ల స్నానశాలకి, అదే రోమన్ బాత్స్‌కి, టైముతో కూడిన టికెట్టు ఆన్‌లైన్లో ముందే తీసుకో. మొదటి స్లాటే తీసుకో. పదకొండు దాటిందంటే లండన్ నుంచి టూరు బస్సులు దిగుతాయి, ఆడియో గైడ్లు చెవికి పెట్టుకున్న జనం ఒక్కో అద్దాల పెట్టె దగ్గరా ఐదారు వరసల్లో నిలబడతారు. ఆ ఆడియో గైడు టికెట్టులోనే వస్తుంది. స్టూడెంటు కార్డు మర్చిపోకు, నీకు తగ్గుతుంది. లోపల రెండు గంటలు పెట్టుకోండి. రోమన్ల నాటి నేల ఇప్పటి వీధికి చాలా కిందుంది, అందుకని ముందు పై వరండాలోంచి కొలను చూసి, తర్వాత కిందికి దిగుతారు. లిఫ్టుంది. కింద రాతి పలకలు ఎగుడుదిగుడుగా, తడిగా ఉంటాయి. మీ అమ్మని చెప్పులు మాని పట్టున్న బూట్లు వేసుకోమను.

ఆ వరండా మీద రోమన్ చక్రవర్తుల విగ్రహాలు చూసి మీ నాన్న రెండు వేల ఏళ్ల నాటివనుకుంటాడు. కాదు, అవి విక్టోరియా కాలానివి, 1890లలో పెట్టినవి. కొలను చుట్టూ ఉన్న స్తంభాలు కూడా అంతే. పాదాల దగ్గర దిమ్మెలు మాత్రం రోమన్లవి, ఆ పైనదంతా తర్వాత కట్టింది. అక్కడ తల పైకెత్తి చూసేదాని కన్నా వంగి చూసేది ఎక్కువ. కొలను లోతు 1.6 మీటర్లు. అడుగున 45 సీసపు రేకులు పరిచారు, అవి ఇప్పటికీ నీళ్లు పట్టి ఉంచుతున్నాయి. ఒక పక్కన నేల మీద సీసపు గొట్టం ఉంది, దగ్గరికెళ్లి చూడండి. రేకుని చుట్టి, అంచులు కలిపి అతికిన గీత స్పష్టంగా కనపడుతుంది. మీ నాన్న ఇంజనీరు కదా, ఊట పొంగు బయటికి పోయే కాలవ దగ్గర కూడా ఒక పది నిమిషాలు వదిలెయ్ ఆయన్ని. కమాను కింద నుంచి ఆవిర్లు కక్కుతూ నీళ్లు దూకుతుంటాయి, ఇనుము పట్టి రాళ్లన్నీ కాషాయం రంగుకి తిరిగాయి.

ఊట నుంచి రోజుకి 11 లక్షల 70 వేల లీటర్లు వస్తాయి, 46 డిగ్రీల వేడితో. మెండిప్ కొండల మీద ఎప్పుడో కురిసిన వాన నేలలోకి కిలోమీటర్ల లోతుకి ఇంకి, అక్కడ కాగి, పగుళ్లలోంచి పైకి తన్నుకొస్తోంది. బయటికొచ్చేటప్పుడు నీళ్లకి రంగుండదు. ఆ పచ్చదనం నాచుది. రోమన్ల కాలంలో కొలను మీద కప్పుండేది, ఎండ పడేది కాదు. ఇప్పుడు కప్పు లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీ అమ్మ నీళ్లు కనపడగానే మూడు చుక్కలు నెత్తిన చల్లుకుంటుంది, నాకు తెలుసు. ఆ కొలనులో చెయ్యి పెట్టనివ్వకు. అవి శుద్ధి చెయ్యని నీళ్లు. 1978లో ఆ ఊళ్లో వేడినీటి ఊట మీద నడిచే ఈత కొలనులో ఈదిన ఒక అమ్మాయి నీళ్లలోని అమీబా వల్ల మెదడు వాపొచ్చి చనిపోయింది, అప్పుడే ఆ స్నానాలన్నీ ఆపేశారు. తాగడానికి విడిగా బోరు వేసి శుద్ధి చేసిన నీళ్లున్నాయి, తిరగడం అయ్యాక చివర్లో రుచి చూడొచ్చు. గోరువెచ్చగా, ఇనుప రుచితో ఉంటాయి. తీర్థం తీసుకున్నట్టు ఒక్క గుక్క చాలు, గ్లాసు నింపుకోవద్దు. నాణెం వెయ్యకుండా ఉండలేకపోతే గుండ్రటి చన్నీళ్ల తొట్టి ఉంది, అందరూ అందులోనే వేస్తారు. రైల్లోంచి గోదావరిలో వేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఆ ఊటలో రోమన్లు వేసిన నాణేలే 12 వేల పైచిలుకు దొరికాయి.

ఊట దేవత పేరు సులిస్. రోమన్లు తమ దేవత మినర్వాని ఆమెతో కలిపేసి సులిస్ మినర్వా అన్నారు. మన దగ్గర గ్రామదేవతకి పార్వతి పేరు కలిపినట్టే. ఆమె బంగారు పూత కంచు తల 1727లో వీధిలో తవ్వుతుంటే బయటపడింది. అది చూశాక శాపాల రేకుల దగ్గర ఆగండి, దాటిపోవద్దు. పల్చటి సీసపు రేకుల మీద మొరలు గీకి, మడిచి ఊటలో పడేసేవాళ్లు. అలాంటివి 130 దాకా దొరికాయి. చాలావాటిలో ఫిర్యాదు ఒకటే, స్నానానికి దిగినప్పుడు ఎవరో బట్టలు కొట్టేశారని. డొసిలియానస్ అనే అతను టోపీ ఉన్న తన అంగీ పోయిందని రాశాడు. దొంగ మగైనా ఆడైనా, బానిసైనా కాకపోయినా, అంగీ తెచ్చి గుళ్లో పెట్టేదాకా వాడికి నిద్రా పిల్లలూ లేకుండా చెయ్యమని వేడుకున్నాడు. ఇది చదివి వినిపిస్తే మీ అమ్మకి రోమన్లు పక్కింటివాళ్లలా కనిపిస్తారు.

బయటికి రాగానే ఎదురుగా బాత్ అబ్బే, అదే ఊరి పెద్ద చర్చి. ఆదివారమైతే ప్రార్థనల వేళలు చూసుకుని వెళ్లాలి. ముందు గోడకి రెండు పక్కలా రాతి నిచ్చెనలుంటాయి, దేవదూతలు వాటి మీద ఎక్కుతుంటారు. కొందరు తలకిందులుగా దిగుతున్నారు, చూపించు. ఇప్పటి కట్టడం 1499లో మొదలైంది. అంతకుముందు అక్కడే ఉన్న చర్చిలో 973లో ఎడ్గార్ రాజుకి పట్టాభిషేకం జరిగింది. లోపల కప్పు విసనకర్రలు విప్పినట్టుంటుంది. తూర్పు వైపుది అసలుది, జనం కూర్చునే వైపుది 1860లలో దాన్ని చూసి కట్టింది. గోడల నిండా స్మారక ఫలకాలే. వాటిలో ఈస్టిండియా కంపెనీ పేరు వెతకండి. ఇండియాలో డబ్బూ రోగాలూ సంపాదించుకుని వచ్చినవాళ్లు నీళ్ల వైద్యానికని ఈ ఊరు చేరేవాళ్లు, ఇక్కడే పోయేవాళ్లు. గోపురానికి 212 మెట్లు, మీ అమ్మని ఎక్కించొద్దు. చలికాలమైతే కాళ్ల కింద నేల వెచ్చగా తగులుతుంది. ఊట నీళ్ల వేడినే నేల కిందికి మళ్లించారు.

భోజనానికి పులిహోర డబ్బా పట్టుకెళ్తే అబ్బే ముందు బెంచీల మీద తెరవొద్దు. సీగల్ పక్షులు చేతిలోంచే తన్నుకుపోతాయి. నదీ తీరాన పరేడ్ గార్డెన్స్ ఉంది, ఎండాకాలంలో బయటివాళ్లకి చిన్న టికెట్టుంటుంది. లేదంటే డబ్బా పైకి తీసుకెళ్లి రాయల్ క్రెసెంట్, అదే ఆ అర్ధచంద్రాకారపు మేడల ముందు పచ్చిక మీద తినండి, నాకు అదే ఇష్టం. హోటల్లో తినేటట్టైతే ‘వెజిటేరియన్’ అంటే చాలదు, అందులో గుడ్డు ఉండొచ్చు. గుడ్డు లేకుండా అని విడిగా అడగాలి. శాలీ లన్ బన్ను అని ఊరి ప్రత్యేకం ఒకటుంది, ముఖమంత వెడల్పున మెత్తగా ఉంటుంది. దానికీ ఇదే మాట.

తర్వాత టాక్సీ పట్టుకుని రాయల్ క్రెసెంట్ దగ్గర దిగండి. చిన్న జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి 1767 నుంచి 1774 దాకా కట్టాడు. 30 ఇళ్లు, 114 స్తంభాలు, అంతా ఒకే వంపు. అన్ని తలుపులూ తెల్లవి, 22వ నంబరుది మాత్రం పసుపు. 1970లలో ఆ ఇంటావిడ పసుపు రంగు వేయిస్తే ఊరి కౌన్సిల్ వద్దంది, గొడవలో చివరికి ఆవిడే గెలిచింది. గడపకి పసుపు రాసే మీ అమ్మ ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. ఇళ్ల ముందున్న పై పచ్చిక అక్కడ ఉండేవాళ్లది, అందులోకి వెళ్లకూడదు. దాని అంచున గోడ కట్టిన పల్లం ఉంది, ‘హా-హా’ అంటారు. పశువులు పైకి రాకుండా, కంచె కంటికి అడ్డు పడకుండా చేసిన ఏర్పాటది. దానికి కింద ఉన్నది అందరిదీ, డబ్బా అక్కడ తెరవండి. ఒక్కసారి వెనక వైపు కూడా చూసి రండి. కొన్నవాళ్లు ముందు గోడ ఒక కొలత ప్రకారం తీసుకుని, వెనక ఎవరిష్టం వాళ్లు కట్టుకున్నారు. ఒక కప్పు ఎత్తు, ఒకటి పొట్టి, గొట్టాలన్నీ బయటికే. ముందు పట్టుచీర, వెనక వంటింటి నేత చీర అన్నట్టుంటుంది.

అక్కడి నుంచి బ్రాక్ స్ట్రీట్ మీదుగా సర్కస్ అనే గుండ్రటి ఇళ్ల వరసకి నడక చిన్నదే. తండ్రి పెద్ద జాన్ వుడ్ 1754లో మొదలుపెట్టాడు, కొడుకు పూర్తి చేశాడు. 33 ఇళ్లు మూడు వంపులుగా ఒక వలయం. మూడంతస్తుల్లో స్తంభాలు మూడు రకాలు. మధ్యలో పెద్ద చెట్ల కింద నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వనిస్తుంది. 14వ నంబరు దగ్గర ఫలకం చదివించు, రాబర్ట్ క్లైవ్‌ది. 1765లో మొగల్ పాదుషా చేత ఉత్తర సర్కారుల ఫర్మానా కంపెనీకి రాయించుకున్నది అతనే. అంటే మన రాజమండ్రితో సహా. సర్కారులు చేతికొచ్చినాయన చివరికి సర్కస్‌లో ఇల్లు తీసుకున్నాడు, 1774లో. ఆ ఏడే పోయాడు.

సర్కస్ నుంచి గే స్ట్రీట్ అంతా దిగుడే. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ పేరుతో ఉన్న చోట ఎప్పుడూ జనమే. ఆవిడ 1801 నుంచి 1806 దాకా ఈ ఊళ్లో ఉన్న మాట నిజమే గానీ, మీ ముగ్గురిలో ఎవరికీ అంత పట్టింపు లేకపోతే టికెట్టు డబ్బులు దాచుకుని న్యూ కింగ్ స్ట్రీట్ 19వ నంబరు ఇంటికెళ్లండి. ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ 1781 మార్చి 13న ఆ ఇంటి పెరట్లోంచి యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. టెలిస్కోపు అద్దానికని లోహం కరిగిస్తుంటే అచ్చు కారి నేల మీద పడి రాళ్లు పేలిపోయాయి. ఆ పగుళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మెట్లు మాత్రం ఇరుకు, ఏయే రోజులు తెరుస్తారో ముందే చూసుకో.

సాయంత్రానికి పుల్టెనీ వంతెన. 1774లో పూర్తయింది, రెండు పక్కలా దుకాణాలు. మీద నడుస్తుంటే అది వంతెనని కూడా తెలియదు, కాబట్టి ముందు పక్కకొచ్చి గ్రాండ్ పరేడ్ మీంచి చూడండి. ఏవన్ నది మెట్లు మెట్లుగా అడ్డకట్ట దిగుతుంటుంది, ఫొటోకి ఆ చోటే సరైనది. పైకప్పు మీద వేడినీళ్ల కొలనున్న థెర్మే స్పా ఈసారికి వదిలెయ్. రెండు గంటల సెషను, ఈత దుస్తులు తప్పనిసరి, మీ అమ్మ ససేమిరా అంటుంది. స్నేహితులతో మరోసారి వెళ్దువుగాని.

రైలు ఏడింటికి ముందు పెట్టుకోకు. వంతెన దగ్గర మీ నాన్న కదలడు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క. రోమన్ బాత్స్ పక్కనున్న పంప్ రూమ్ ముందు నుంచి పొద్దున పదిన్నరకి ఊరి మేయర్ పేరు మీద స్వచ్ఛంద గైడ్లు ఉచితంగా ఊరు తిప్పుతారు. టిప్పు ఇచ్చినా తీసుకోరు. రెండు గంటల నడక, కాబట్టి మీ నాన్నకి ఇది ముందే చెప్పకు. చెప్తే మిమ్మల్ని వదిలేసి వాళ్ల వెంట పోతాడు.