చించినాడ వంతెన ఎక్కితే వెలిగే లైటు

2008 మోడల్ కారు, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతోంది, మెకానిక్ ముందు మాత్రం వెలగట్లేదు, ఏం చేయాలి అనే కదండీ మీ ప్రశ్న. ఏ లైటో రాయలేదు. నూనె డబ్బా బొమ్మయితే ముందు ఇంజిన్ ఆపి ఆయిల్ చూసుకోండి, ఇది తర్వాత చదవొచ్చు. వేరేదయితే ఒక్క సెన్సారు కూడా మార్చకండి. అది ఎక్కడ, ఏ మలుపులో వెలిగిందో రాసిపెట్టుకోండి.

నాది 2005 శాంత్రో, మూడో ఓనర్ని. మాది రాజోలు పక్కన. పాలకొల్లు నుంచి వస్తూ చించినాడ వంతెన ఎక్కుతుంటే బ్రేకు లైటు వెలిగేది, అదే, గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఉంటుందే, అది. పైకి రాగానే ఆరిపోయేది. ఒకాయన హ్యాండ్‌బ్రేకు స్విచ్చి అన్నాడు, మార్చాడు, మర్నాడే వెలిగింది. ఇంకొకాయన "ఉప్పుగాలండీ, వైర్లన్నీ చిలుం పట్టేసుంటాయి, వైరింగు మొత్తం మార్చాలి" అన్నాడు. మా వైపు ఫ్రిజ్ పాడైనా ఉప్పుగాలే, ఫ్యాన్ తిరక్కపోయినా ఉప్పుగాలే. ఆ మాట చెప్పి ఎంతమంది ఎన్ని సామాన్లు అమ్ముకున్నారో!

అసలు సంగతి పట్టింది మా ఆవిడ. కాలవగట్టు రోడ్డు మీద వెళ్తుంటే, "ఏవండీ, ఎడం పక్కకి తిప్పినప్పుడే వెలుగుతోంది, కుడి పక్కకి తిప్పితే వెలగట్లేదు, చూశారా?" అంది. నీకేం తెలుసు, ఊరుకో అన్నాను. ఆ ముక్క ఇప్పటికీ నెలకోసారి నాకు వడ్డిస్తూనే ఉంటుంది.

తాటిపాకలో అంబాసిడర్ల కాలం నాటి మేస్త్రీ ఒకాయనకి ఆవిడ మాట యథాతథంగా చెప్పాను. ఆయన వైర్ల జోలికే పోలేదు. నన్ను లోపల కూర్చోబెట్టి, తాళం తిప్పి, హ్యాండ్‌బ్రేకు దింపమన్నాడు. బంపరు మీద రెండు చేతులూ వేసి బండిని ఊపాడు.

"వెలిగిందా బాబూ?"

"వెలిగిందండీ... ఆరింది... మళ్ళీ వెలిగింది."

బ్రేకు ఆయిల్ డబ్బాలో గేలానికి కట్టే బెండులాంటిది తేలుతూ ఉంటుందట. ఆయిల్ తగ్గితే బెండు దిగి లైటు వెలుగుతుంది. మాది సరిగ్గా అంచు మీద ఉంది, అందుకే బండి ఒరిగినప్పుడే వెలిగేది. లీకేమీ లేదు. చక్రం విప్పి చూస్తే బ్రేకు ప్యాడ్లు, అదే, బ్రేకు తొక్కితే నొక్కుకుని చక్రాన్ని ఆపే బిళ్ళలు, తాటాకంత మందం మిగిలాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. కొత్తవి వేసేసరికి, చుక్క పొయ్యకుండానే, మట్టం దానంతటదే పైకొచ్చింది. తెలీక నేను ముందే పోసుంటే పొంగిపోయి పెయింటు కూడా ఊడగొట్టేది. మాలాంటి పాత బండ్లలో దీన్ని స్కానర్లు, అదే, బండికి తగిలించి లోపం చదివే మిషన్లు, చూపించవండీ. చూపించేది పసుపు ఇంజిన్ లైటు సంగతి. దానికైనా కోడ్, అంటే లోపం ఎక్కడుందో చెప్పే గుర్తు, చదవకముందే బ్యాటరీ వైరు పీకేసేవాళ్ళున్నారు, ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది.

అన్నట్టు, పాత బండి కొనేటప్పుడు స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, బ్యాటరీ లైటూ ఆయిల్ లైటూ వెలుగుతున్నాయో లేదో చూడండి. వెలగాలి. మా బావమరిది కొన్న బండిలో ఒక్కటీ వెలగలేదు. "ఎంత కండిషన్లో ఉందో చూడు బావా" అని మురిసిపోయాడు. విప్పి చూస్తే రెండు బల్బులూ పీకేసి ఉన్నాయి.