దుమ్ము అలర్జీకి ముందు చూడవలసింది హాలు కాదు, తల పెట్టుకునే దిండు

ఇంట్లో దుమ్మూ పుప్పొడీ తగ్గించుకుంటే తుమ్ములు నిజంగా తగ్గుతాయా, అందుకు ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని అడిగారు. తగ్గుతాయి. కానీ ప్యూరిఫయర్ గురించి ఆలోచించడానికి ముందు మీ పరుపు, దిండు, దుప్పటి ఏ స్థితిలో ఉన్నాయో చూడండి. నాకు తెలిసిన ఇళ్ళలో చాలామంది శుభ్రత పేరుతో చుట్టాల కళ్ళబడే చోట్లనే తుడుస్తారు. టీపాయ్ అద్దంలా మెరుస్తుంటుంది, రోజుకు ఏడెనిమిది గంటలు ముఖం ఆనించి పడుకునే దిండును మాత్రం ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు.

మా తమ్ముడికి చిన్నతనం నుంచీ ఈ బాధ ఉంది. తెల్లవారి కళ్ళు తెరవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, అంగిట్లో దురద. మధ్యాహ్నానికల్లా ఏమీ ఎరగనట్టు తిరిగేవాడు. బాధ పడకమీదే మొదలై, పడక వదిలాక తగ్గుతోందంటే కారణం ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు. అయినా ఒక సెలవురోజున అతడు పొడి చీపురూ, ఈకల డస్టరూ పట్టుకుని ఇల్లంతా దులిపాడు. ఫ్యాను రెక్కలు, అటకలు, పుస్తకాల అరలు ఏవీ వదల్లేదు. ఆ రాత్రి మునుపెన్నడూ లేనంతగా తుమ్మాడు. నేను గదిలో దీపం ఆర్పి, టార్చి వెలుగు అడ్డంగా పడేలా పెట్టి, అతడి దిండును అరచేత్తో ఒక్కసారి తట్టాను. ఆ వెలుగులో సన్నని నూగు పొగలా లేచి, ఎటూ పోకుండా అక్కడే సుడులు తిరిగింది. "అన్నయ్యా, రోజూ నేను పీలుస్తున్నది ఇదా?" అని దిండును దూరంగా నెట్టేశాడు.

టార్చి వెలుగులో కనిపించేది ఎక్కువగా బట్ట నూగూ, మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టూ. ఆ పొట్టే పరుపుల్లో, దిళ్ళలో బతికే దుమ్ము పురుగులనే సూక్ష్మజీవులకు ఆహారం. ఇంటి దుమ్ము పడనివారికి చాలావరకు పడనిది ఈ పురుగులేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హార్స్ట్ అనే పరిశోధకుడి బృందం 1960లలో నిరూపించింది. ఒక్కొక్కటి ఇంచుమించు మిల్లీమీటరులో మూడోవంతే ఉంటుంది, అవి కుట్టవు, కరవవు. మనకు పడనిది ముఖ్యంగా వాటి విసర్జనలోని ప్రోటీన్లు. ఆ విసర్జన రేణువులు ఇంచుమించు 20 మైక్రాన్లుండి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), బరువైనవి కావడం వల్ల దులిపినప్పుడు పైకి లేచి, కొద్దిసేపట్లోనే మళ్ళీ కిందికి దిగిపోతాయి. ప్యూరిఫయర్ తన దాకా వచ్చిన గాలినే వడగడుతుంది కానీ, పరుపులోకి చేయి పెట్టి మురికిని లాగదు. 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పట్టుకుంటుందని హెపా ఫిల్టరు (ప్యూరిఫయర్లలో వాడే చిక్కటి వడపోత పొర) గురించి చెప్పే మాట నిజమే, అయితే మీ ముక్కుకూ దిండుకూ మధ్య ఆ యంత్రం లేదన్న సంగతిని అమ్మేవారు చెప్పరు.

అందుకని మేము పడక నుంచే మొదలుపెట్టాం. పరుపుకూ దిళ్ళకూ నాలుగువైపులా మూసుకునే, చిక్కటి నేతతో జిప్పున్న కవర్లు వేశాం. దుప్పట్లను, గలీబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకడం మొదలుపెట్టాం. చల్లటి నీటిలో ఉతికితే విసర్జన చాలావరకు కొట్టుకుపోతుంది కానీ పురుగుల్లో చాలా భాగం బతికే ఉంటాయి. వేడినీటికి ఓర్వని బొచ్చు బొమ్మలను సంచిలో కట్టి ఒకరోజుకు పైగా ఫ్రీజరులో ఉంచితే పురుగులు చస్తాయి, కానీ వాటి విసర్జన బొమ్మలోనే ఉంటుంది కాబట్టి తరువాత ఉతకడం తప్పదు. ఎండలో వేయడమూ అంతే. తేమ ఆరిపోతుంది, మురికి మాత్రం అలాగే మిగులుతుంది. ఈ పురుగులు నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. అందుకని పడకగదిలో తేమ 50 శాతానికి మించకుండా చూసుకోగలిగితే వాటి సంతతి క్రమంగా తగ్గిపోతుంది. తడిబట్టలను పడకగదిలో ఆరేసుకునే అలవాటు మీకుంటే, ముందు దాన్ని మానుకోండి.

పొడి చీపురూ ఈకల డస్టరూ మా ఇంట్లో ఇప్పుడు లేవు. పిండిన తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము గుడ్డకు అంటుతుంది, ఈకలతో దులిపితే అరమీద ఉన్నది ముక్కులోకి వస్తుంది. ఇంత చిన్న విషయం ఎవరికి చెప్పినా నవ్వుతారు. మామూలు వాక్యూమ్ క్లీనరుకు కూడా నేను మార్కులు వేయను, ఎందుకంటే ముందునుంచి లాగిన సన్నని దుమ్మును వెనకనుంచి ఊదేసే రకాలే ఎక్కువ. హెపా ఫిల్టరున్నదైతేనే వాడండి. అలర్జీ ఉన్న మనిషి చేత ఆ పని చేయించకపోతే ఇంకా మంచిది.

పుప్పొడి మరో రకం శత్రువు. అది మీ ఇంట్లో పుట్టదు, గాలితో వస్తుంది. చాలామంది ముచ్చటైన పూల కుండీలను అనుమానించి బయట పారేస్తారు. అందంగా, సువాసనగా ఉండే పూల పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి తేనెటీగల వంటి కీటకాల కాళ్ళకు అంటుకుని పోతుంది తప్ప గాలిలో పెద్దగా తిరగదు. ఎవరూ పువ్వులని గుర్తించని గడ్డి కంకులూ, కొన్ని చెట్ల పూతలూ వెదజల్లే పొడి మాత్రం చాలా దూరం ప్రయాణిస్తుంది. తనకే ఈ బాధ ఉన్న ఛార్లెస్ బ్లాక్లీ అనే ఇంగ్లండు వైద్యుడు గాలిపటాలకు జిగురు పూసిన గాజుపలకలు కట్టి ఎగరేసి, ఎత్తైన గాలిలో కూడా పుప్పొడి ఉంటుందని చూపి, 1873లో ఆ పరిశోధనల పుస్తకం వేశాడు. కాబట్టి మీ పెరట్లో గడ్డి పీకేసినంత మాత్రాన అది ఆగదు. గాలి వీచే పొడిరోజుల్లో కిటికీలు మూయడం, ఆ రోజుల్లో దుప్పట్లు బయట ఆరేయకపోవడం, బయటినుంచి రాగానే బట్టలు మార్చుకుని పడుకునేముందు తలస్నానం చేయడం మేలు. జుట్టులో ఇరుక్కున్న పుప్పొడి నేరుగా దిండుకెక్కుతుంది. ఉరుములతో కూడిన గాలివాన వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పుప్పొడి గింజలు తేమకు పగిలి ఊపిరితిత్తుల లోపలికి చేరేంత సన్నని ముక్కలవుతాయి. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఇటువంటి గాలివాన తరువాత వేలమందికి ఊపిరాడక, పదిమంది చనిపోయారు.

ప్యూరిఫయర్ కొంతైనా పనికొచ్చేది ఇలాంటి రోజుల్లోనే, అదీ గది పరిమాణానికి సరిపోయే హెపా యంత్రాన్ని పడకగదిలో తలుపులు మూసి నడిపితేనే. ఓజోను వాయువును వదిలే యంత్రాన్ని మాత్రం ఎవరు ఎంత పొగిడినా ఇంట్లోకి రానివ్వకండి, అది ఊపిరితిత్తులను రేపుతుంది.

మా తమ్ముడికి బాధ పూర్తిగా పోలేదు. గడ్డి పూసే కాలంలో వైద్యుడు రాసిచ్చిన ముక్కు స్ప్రే ఇప్పటికీ వాడుతున్నాడు, కానీ పొద్దుటి తుమ్ములు చాలావరకు ఆగిపోయాయి. మీకు పడనిది ఏదో తెలియకుండా ఇల్లంతా తలకిందులు చేసుకోవడం కంటే, ముందుగా ఏది పడదో తేల్చే అలర్జీ చర్మ పరీక్ష చేయించుకోండి. దుమ్ము పురుగులు అని తేలితే ఈ వారమే పరుపు కవర్లతో మొదలుపెట్టండి. పిల్లికూతలూ ఆయాసమూ ఉంటే శుభ్రతను నమ్ముకుని ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.