లెక్కలకు జీతం, పాటకు దండమా: ఒంగోలు చెల్లెలికి జవాబు

చెల్లెమ్మా, ఒంగోలులో లెక్కలు చెబుతున్నానని, వయొలిన్‌లో డిప్లొమా ఉందని రాశావు. ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూలు వాళ్లు లెక్కల టీచరుగా తీసుకుంటూ, సంగీతం కూడా చూసుకోగలరా అని అడిగారట. రెండూ కలిపి చేయొచ్చా అన్నది నీ సందేహం. చేయొచ్చు. నేను చేస్తున్నాను. నెల్లూరు మూలాపేటలో వయొలిన్ నేర్చుకుని, కావలిలో డిగ్రీ చదివిన నేను ఈ రోజు ఇక్కడ వారంలో మూడు రోజులు లెక్కల టీచర్‌ని, రెండు రోజులు డైరెక్టర్ ఆఫ్ మ్యూజిక్‌ని. కానీ అంత పెద్ద ఉత్తరంలో డబ్బు మాట ఒక్కటీ రాయలేదు నువ్వు. నాకు టెన్షన్ పుట్టింది అక్కడే.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో అర్హత ఉన్న టీచర్లు ఇక్కడి క్యూటీఎస్‌కి (ఇంగ్లండ్‌లో టీచరుగా ఇచ్చే అధికారిక గుర్తింపు) నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే ఆ దారి. సంగీతానికి లేదు. నిన్ను ఇక్కడికి తెచ్చేది లెక్కలే. మిగతావన్నీ, వీసాతో సహా, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకో.

నేను వచ్చిన కొత్తలో ఇంటర్వ్యూలో హెడ్‌టీచర్ నా దరఖాస్తులో వయొలిన్ చూసి ముచ్చటపడ్డారు. పిల్లలకు ఏమైనా నేర్పగలరా అన్నారు. ఉద్యోగం ఎక్కడ చేజారుతుందోనని భయం. పైగా విద్య అడిగిన వాళ్లకు లేదనకూడదన్నది మా ఇంట్లో పెంపకం. 'తప్పకుండా, ఉచితంగానే నేర్పుతాను' అనేశాను. పాటకు డబ్బు అడగడం తప్పన్న భావన మనలో అలా నాటుకుపోయింది. త్యాగరాజస్వామి పూర్వీకుల ఊరు కాకర్ల మీ ఉమ్మడి ప్రకాశం జిల్లాలోదే కదా, ఆయన కథలు వింటూనే పెరిగాం. ఆయన భక్తి వేరు, మన ఉద్యోగం వేరు.

మొదట లంచ్ టైంలో వయొలిన్ క్లబ్ అన్నారు. తర్వాత ఆర్కెస్ట్రా అన్నారు. మనం నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదానికి ఆనించి, స-ప-స-ప శ్రుతి చేసుకుని వాయిస్తాం. ఇక్కడి పిల్లలు జి-డి-ఎ-ఇ తీగలతో, ఎదురుగా స్టాండు మీద కాగితం చూస్తూ వాయిస్తారు. స్వరాలు రాసే అయిదు గీతల్లో నడిమి గీత వయొలిన్ పిల్లకు బి స్వరం, పక్కనే కూర్చున్న వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) పిల్లకు సి. ఇది తెలియకుండా ఆర్కెస్ట్రా ముందు నిలబడలేం. రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఏబీఆర్‌ఎస్‌ఎం అనే ఇక్కడి సంగీత పరీక్షల బోర్డు పెట్టే థియరీ పరీక్షకు ఫీజు నా జేబులోంచే కట్టాను. స్కూలు ఒక్క పౌండు ఇవ్వలేదు, నేను నోరు తెరిచి అడగలేదు.

అసలు కష్టం డిసెంబరులో. క్రిస్మస్ కచేరీ, పదకొండో ఇయర్ పిల్లల మాక్ (నమూనా) పరీక్షలు ఒకేసారి మీద పడతాయి. జీసీఎస్‌ఈ (మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లాంటివి) లెక్కలంటే ఒక్కొక్కరికి మూడు పేపర్లు, పేపరుకు 80 మార్కులు. సెక్షన్‌లో 30 మంది ఉంటే 90 పేపర్లు దిద్దాలి. సాయంత్రం రిహార్సల్ ముగిశాక పిల్లల తల్లిదండ్రులు వచ్చేదాకా ఆగి, కుర్చీలు సర్ది, చీకట్లో బస్సెక్కి ఇంటికొచ్చి ఆ కట్ట విప్పేదాన్ని. అదే సమయంలో తోటి లెక్కల టీచర్లు ట్యూషన్లు చెప్పుకుని ఇంటి డిపాజిట్‌కు డబ్బు కూడబెట్టుకున్నారు. (వీసా మీద ఉండగా బయట సంపాదనకు షరతులుంటాయి, అడుగు వేసే ముందు చూసుకో.) నాకు నెల్లూరులో ఇంటి అప్పు తీరనే లేదు.

ఇంత చేశాక అదే స్కూల్లో మ్యూజిక్ పోస్టు ఖాళీ అయితే దరఖాస్తు పెట్టాను. సంగీతంలో జీతం తీసుకుని చేసిన అనుభవం కాగితం మీద లేదన్నారు. బయటివాళ్లను తీసుకున్నారు. ఆ రాత్రి తీర్మానించుకున్నాను, ఇక రాతలో లేని పని చేయనని.

తర్వాతి స్కూల్లో పద్ధతి మార్చాను. ఇంటర్వ్యూలో డెమో క్లాసుకు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పాఠం ఇచ్చారు. క్లాసును రెండు జట్లు చేశాను. ఒక జట్టు మూడేసి దెబ్బలకు, ఇంకో జట్టు నాలుగేసి దెబ్బలకు మొదటి దెబ్బ గట్టిగా చప్పట్లు కొట్టాలి. పన్నెండు దెబ్బలయ్యాక పదమూడో దెబ్బ మీద రెండు జట్ల చప్పట్లూ ఒక్కటిగా మోగాయి. తిశ్రం (మూడు లెక్క), చతురశ్రం (నాలుగు లెక్క) తెలిసిన మనకు ఇది వెన్నతో పెట్టిన విద్య. వాళ్లకు కొత్త. ఆ రోజే అడిగాను: మూడు రోజులు లెక్కలు, రెండు రోజులు సంగీతం, రెండూ కాంట్రాక్టులో ఉండాలి, సంగీతం బాధ్యతకు టీఎల్ఆర్ (అదనపు బాధ్యతకు ఇచ్చే) అలవెన్సు విడిగా ఇవ్వాలి అని. ఒప్పుకున్నారు. అడగడానికి నాకు అన్నేళ్లు పట్టింది, నువ్వు మొదటి రోజే అడుగు.

జీతం అంకె చూసి మురిసిపోకు. 2024 సెప్టెంబరులో లండన్ బయట కొత్త టీచరు కనీస జీతం ఏడాదికి 31,650 పౌండ్లు. తర్వాత కాస్త పెరిగింది. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కళ్లు తిరుగుతాయి, అందరూ చేసే పనే అది. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ కోత, అద్దె, కౌన్సిల్ ట్యాక్స్ పోయాక ఇంటికి పంపడానికి మిగిలేది వేరు. వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు చొప్పున, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లకూ ముందే కట్టాలి. మీ ఆయన కూడా వస్తే రెండింతలు.

కీబోర్డు మాత్రం ఒంగోలులో ఉండగానే మొదలుపెట్టు. పిల్లలు పాడుతుంటే పియానో మీద తోడు వాయించమంటారు, అక్కడ వయొలిన్ అక్కరకు రాదు. జీసీఎస్‌ఈ మ్యూజిక్‌లో వాయించడానికి 30 శాతం, సొంత రచనకు 30, విని విశ్లేషించడానికి 40 ఉంటాయి. ఆ 40 కోసం పాశ్చాత్య సంగీతం విని తీరాలి. కష్టపడే పిల్లవే అనిపిస్తోంది, వస్తుంది.

ఇక స్కూలుకు మెయిల్ రాయి. వారంలో ఎన్ని పీరియడ్లు లెక్కలు, ఎన్ని సంగీతం? లంచ్ రిహార్సళ్లు, సాయంత్రం కచేరీలు పని గంటల్లో కలుస్తాయా? ప్రభుత్వ నిబంధనలు పాటించే స్కూళ్లలో హెడ్‌టీచర్ చెప్పి చేయించగలిగేది ఏడాదికి 195 రోజుల్లో 1,265 గంటలు, లంచ్ విరామం అందులో రాదు. అకాడమీ (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే స్కూలు) అయితే కాంట్రాక్టులో ఏముందో చూసుకో. సంగీతానికి అలవెన్సు ఎంత? జవాబు రాతలో వచ్చాకే ఒంగోలు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వు.