సెక్యూరిటీ కీ మార్చితే డేటా ఏమవుతుంది?

ప్రశ్న: మా సంస్థ స్టోరేజ్ అరేలో (సర్వర్ల డేటాను దాచే డ్రైవ్‌ల పెట్టెలో) దాన్ని నడిపే రెండు కంట్రోలర్లు, డేటాను తామే ఎన్‌క్రిప్ట్ చేసుకునే సెల్ఫ్ ఎన్‌క్రిప్టింగ్ డ్రైవ్‌లు ఉన్నాయి. ఈసారి సెక్యూరిటీ కీని కమాండ్ లైన్ నుంచి నేను మార్చవలసి ఉంది. అలా మారిస్తే డేటా అంతా మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవుతుందా? అదీగాక ఈ మధ్య రైట్లు, అంటే డేటా రాసే పనులు, బాగా నెమ్మదించాయి. బ్యాటరీ లేకపోయినా రైట్ కాష్ (రాయవలసిన డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ) పనిచేసేలా సెట్టింగ్ మార్చమని సహోద్యోగి అంటున్నారు. మార్చవచ్చా?

జవాబు: డేటా మళ్లీ ఎన్‌క్రిప్ట్ కాదు. డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే కీ డ్రైవ్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. మీరు మార్చబోయేది డ్రైవ్ తాళం తీసే కీ మాత్రమే కనుక, ఎన్ని టెరాబైట్లున్నా పని త్వరగానే ముగుస్తుంది, సర్వర్లను ఆపనక్కరలేదు. ప్రమాదం కూడా ఈ సౌలభ్యంలోనే ఉంది. పవర్ ఉన్నంతసేపూ డ్రైవ్‌లు తెరిచే ఉంటాయి కాబట్టి, కీ బ్యాకప్ ఫైలు పాడైనా, దాన్ని తెరిచే పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) తప్పుగా రాసుకున్నా ఆ రోజు ఏ తేడా కనిపించదు. రెండు కంట్రోలర్లూ ఒకేసారి పాడైన రోజునో, డ్రైవ్‌లను మరో అరేకు తరలించిన రోజునో ఆ తప్పు బయటపడుతుంది. అప్పుడు ఆ ఫైలూ, పాస్‌ఫ్రేజూ లేకపోతే తయారీదారు కూడా డేటాను తెరవలేరు.

అందువల్ల కొత్త కీ సృష్టించిన వెంటనే, మీ అరేలో వ్యాలిడేట్ కమాండ్ ఉంటే, ఫైలునూ పాస్‌ఫ్రేజునూ దానితో సరిచూడండి. ఫైలు ప్రతులను ఆ అరేకు బయట రెండు చోట్ల దాచండి. కీలను దాచే బయటి కీ సర్వర్ వాడుతుంటే దాని వర్చువల్ మెషిన్‌ను అదే అరే మీద ఎన్నడూ ఉంచకండి, ఎందుకంటే అరే తెరవడానికి కీ సర్వర్ కావాలి, కీ సర్వర్ లేవడానికి అరే తెరవాలి. కీ మార్చే సమయంలో అరే నుంచి బయటికి తీసి ఉన్న డ్రైవ్‌లకు పాత కీయే మిగులుతుంది గనుక పాత ఫైళ్లను పారేయకూడదు. కమాండ్‌లోనే పాస్‌ఫ్రేజ్ టైపు చేస్తే అది షెల్ హిస్టరీలో (ఇచ్చిన కమాండ్ల జాబితాలో) నిలిచిపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఎరేజ్ కమాండ్‌ను మాత్రం పేరు రెండుసార్లు చదవనిదే ఇవ్వవద్దు: అది డ్రైవ్ లోపలి కీనే మార్చేస్తుంది, డేటా క్షణంలో శాశ్వతంగా పోతుంది.

ఇక మీ సహోద్యోగి చెప్పిన సెట్టింగ్ జోలికి వెళ్లవద్దు. రైట్ బ్యాక్ పద్ధతిలో డేటా కాష్‌లో చేరగానే సర్వర్‌కు ‘రాశాను’ అన్న జవాబు వెళుతుంది. డ్రైవ్ మీదికి అది చేరేది తరువాత. ఈ మధ్యలో పవర్ పోతే, కాష్‌ను కాపాడే బ్యాటరీ లేని అరేలో, భద్రంగా ఉందని డేటాబేస్ నమ్మిన రైట్లు మాయమవుతాయి. రెండో కంట్రోలర్‌లో కాష్ ప్రతి ఉన్నా, రెండింటికీ పవర్ ఒకేసారి పోతే అది అక్కరకు రాదు.

ముందు బ్యాటరీ స్థితిని చూపే కమాండ్ ఇచ్చి చూడండి. బ్యాటరీ బలహీనపడగానే చాలా అరేలు తమంతట తామే రైట్ త్రూకు, అంటే డ్రైవ్ మీద రాశాకే జవాబిచ్చే పద్ధతికి, మారతాయి. అప్పుడు డిస్క్ పనులన్నీ ముగిసేదాకా సర్వర్ ఆగాలి: రైయిడ్ 5లో (ఒక డ్రైవ్ పాడైనా డేటా నిలిచేలా డ్రైవ్‌లను కలిపే పద్ధతి) ఒక్కో చిన్న రైట్‌కు రెండు రీడ్‌లూ రెండు రైట్లూ, మొత్తం 4 డిస్క్ పనులు పడతాయి. రెండు డ్రైవ్‌లు పాడైనా తట్టుకునే రైయిడ్ 6లో 6 పడతాయి. మీరు చూస్తున్న నెమ్మది బహుశా అదే. అదే కారణమైతే బ్యాటరీ మార్పించండి. కాష్ తనంతట తానే మళ్లీ రైట్ బ్యాక్‌కు వచ్చిందో లేదో కమాండ్‌తో ఒకసారి నిర్ధారించుకోండి.