కుక్కర్ ఎవరికి దక్కాలి?

ప్రశ్న: సార్, మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి క్విజ్ పెట్టారు, అందులో పాత అమెరికన్ సీరియల్ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరేంటని అడిగితే అసలు పేరే చెప్పలేదు కదా అన్నాను, కాదు ఫిలిప్ అని పక్క బ్లాకాయనకి ప్రెషర్ కుక్కర్ ఇచ్చేశారు. ఎవరిది కరెక్టు?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కుక్కర్ మీదేనండీ, ముప్పావు వంతు. ఫిలిప్ అనేది కావాలని వేసిన ఎర. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన 1974లో ఇలాంటి చిట్టిపొట్టి విశేషాలతో ఓ లావుపాటి పుస్తకం వేశాడు, ఎవడైనా కాపీ కొడితే పట్టుకోడానికి మధ్యలో ఓ అబద్ధం ఇరికించాడు, అదే ఈ ఫిలిప్. తర్వాత ట్రివియల్ పర్స్యూట్ అని క్విజ్ ప్రశ్నల బోర్డు గేమ్ వచ్చింది, చూస్తే ఫిలిప్ అందులో ఉన్నాడు! ఆయన 1984లో 30 కోట్ల డాలర్లకి కేసేశాడు. గేమ్ వాళ్ళు బుకాయించలేదు, అవును మీ పుస్తకమూ చూశాం, ఇంకా బోలెడు పుస్తకాలు చూశాం, అయితే ఏంటి అన్నారు. కోర్టు కూడా వాళ్ళ వైపే, విషయాల మీద ఎవరికీ హక్కుండదంది, 1987లో అప్పీలు కూడా పోయింది పాపం.

మరి పావు వంతు ఎందుకు కోశానంటే, 1971లో వచ్చిన 'డెడ్ వెయిట్' ఎపిసోడ్‌లో కొలంబో ఐడీ కార్డు తీసి చూపిస్తాడు, అక్కడ పాజ్ కొడితే సంతకంలో ఫ్రాంక్ అని కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో టీవీకి పాజ్ ఎక్కడిది, అందుకే ఎవరి కంటా పడలేదు. నోటితో మాత్రం ఎప్పుడూ చెప్పడు.

ప్రశ్న: కొలంబో వేసుకునే ఆ నలిగిన రెయిన్ కోటు కంపెనీ వాళ్ళిచ్చిందేనా?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: కాదమ్మా, హీరో పీటర్ ఫాక్ సొంతది, న్యూయార్క్‌లో వానలో చిక్కుకుని కొనుక్కున్నాడు. కథ నడిచేది లాస్ ఏంజెలిస్‌లో, అక్కడ వానలే తక్కువ, అయినా విప్పడు, మన ఉక్కపోతకైతే ఒక్క ఎపిసోడ్‌కే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. ఆ డొక్కు పెజో 403 కారు కూడా స్టూడియో గ్యారేజీలో ఆయన ఏరుకున్నదే. ఆ ఓరచూపు యాక్టింగ్ అనుకుంటారు చాలామంది, మూడేళ్ళ వయసులోనే క్యాన్సర్ వచ్చి కుడి కన్ను తీసేశారు, అక్కడుండేది గాజు కన్ను.