పాఠకుల ప్రశ్నకు జవాబు: వాదించాడు, వెళ్ళగొట్టలేదు

ప్రశ్న: మా హార్బరు పక్కనే మూడు కొండల మీద గుడి, చర్చి, దర్గా ఉన్నాయి. అమెరికాలో మతస్వేచ్ఛకు పునాది వేశాడంటున్న రోజర్ విలియమ్స్ నిజంగా అంత సహనశీలుడేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సహనశీలుడే గాని సౌమ్యుడు కాడు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నందుకు, మరికొన్ని వాదాలకూ కలిపి 1635లో అమెరికాలోని ఆంగ్లేయుల వలస మసాచుసెట్స్ పాలకులు బహిష్కరించగా, చలికాలంలో అడవి దాటి, నారగాన్‌సెట్ తెగ పెద్దల నుంచి నేల పొంది, 1636లో ప్రావిడెన్స్ అనే ఊరిని స్థాపించాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి బోధ ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. 1672లో, డెబ్బయ్యేళ్ళకు దగ్గరపడిన వయసులో, రోజంతా తానే తెడ్డు వేసుకుంటూ తన వలసలోనే ఉన్న న్యూపోర్ట్ పట్టణం చేరి వారితో గొంతు చించుకుని వాదించాడు. (మీ కొండల మీదివారు ఇంకాస్త నెమ్మదస్తులే.) అయినా వారిని వెళ్ళగొట్టాలని అడగలేదు, ఆయన్ను బహిష్కరించిన మసాచుసెట్స్‌లోని బోస్టన్‌లో మాత్రం 1659–61 మధ్య నలుగురు క్వేకర్లను ఉరితీశారు.